ఇంటి పన్ను ఎక్కువ వేశారనిపిస్తే: నోటీసు నుంచి కోర్టు దాకా

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో నివాసుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంటి పన్ను నోటీసు గానీ, పాత రసీదు గానీ వెంట తెచ్చుకున్నవాళ్లు దయచేసి బయటికి తీయండి. నేను చెప్పబోయేదంతా ఆ కాగితంలోని గడుల గురించే.

పన్ను అర్జీల కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అనే మాట, "పన్ను దారుణంగా వేసేశారండీ, ఏదైనా చెయ్యండి" అని. కాగితం ఇవ్వమంటే ఇస్తారు. ఇంటి వైశాల్యం ఎంతని రాశారో చూశారా అంటే చూడలేదంటారు. చూసేది అడుగున ఉన్న మొత్తం ఒక్కటే. ఆ మొత్తం ఊరికే రాలేదు. ప్లింత్ ఏరియా, అంటే కట్టడం వైశాల్యం, ఎన్ని చదరపు అడుగులు, శ్లాబా రేకులా పెంకులా, ఎన్నో అంతస్తు, నివాసమా వ్యాపారమా, సొంతంగా ఉంటున్నారా అద్దెకిచ్చారా, ఎప్పుడు కట్టింది, ఏ అర్ధ సంవత్సరం నుంచి పన్ను మొదలైంది... వీటిలోంచి పుట్టిందే ఆ అంకె. "పన్ను ఎక్కువైంది, తగ్గించగలరు" అని అర్జీ పెడితే "నిబంధనల ప్రకారమే విధించాం" అని జవాబొస్తుంది, ఫైలు మూసేస్తారు. "నా ఇల్లు 1,000 చదరపు అడుగులు, మీ రికార్డులో 1,200 ఉంది, ఇదిగో ప్లాను, ఇదిగో దస్తావేజు" అని రాస్తే అలా మూసేయడం కుదరదు. ఎవరో ఒకరు టేపు పట్టుకుని మీ ఇంటికి రావాలి. ఈ తేడా బోధపడక మంచి కేసులు కూడా ఓడిపోవడం చూసి బాధపడే ఇవాళ ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఒప్పుకున్నాను.

లెక్క ఎలా కడతారో ముందు చూద్దాం. 2021 మార్చి వరకు మన రాష్ట్రంలో పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద ఉండేది. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేసి దాని మీద వేసేవారు. 2020లో చట్టం మార్చారు. 2020 నవంబరు 24న 198 నంబరు జీవోతో కొత్త నిబంధనలు వచ్చాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ మీద పన్ను. స్థలం విలువ, కట్టడం విలువ కలిపితే మూలధన విలువ. దాని మీద నివాస గృహాలకు 0.10 శాతం నుంచి 0.50 శాతం లోపు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం లోపు ఎంతన్నది స్థానికంగా నిర్ణయిస్తారు. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే కాపురం ఉంటే ఏడాదికి 50 రూపాయలే. ఈ చివరి సంగతి తెలియక ఎక్కువ కడుతున్న చిన్న ఇళ్లవాళ్లు ఉంటారు. మన ఇళ్లలో పనికి వచ్చే అమ్మలకు, వాచ్‌మన్‌లకు ఊళ్లో ఎక్కడైనా అలాంటి ఇల్లుంటే దయచేసి చెప్పండి.

ఒక ఫ్లాటు తీసుకుందాం. అంకెలు నేను లెక్క కోసం అనుకుంటున్నవే. స్థలంలో ఆ ఫ్లాటు వంతుకొచ్చే అవిభాజ్య వాటా 40 గజాలు, గజం 30,000. అంటే స్థలం 12 లక్షలు. ఫ్లాటు 1,000 చదరపు అడుగులు, కట్టడం విలువ అడుగుకి 1,200. అదీ 12 లక్షలే. మొత్తం 24 లక్షలు. రేటు 0.15 శాతం అనుకుంటే పన్ను ఏడాదికి 3,600. ఇదే ఫ్లాటును రికార్డులో 1,200 అడుగులని రాస్తే కట్టడం విలువ 14 లక్షల 40 వేలవుతుంది, పన్ను 3,960 అవుతుంది. ఏడాదికి 360 రూపాయల కోసం ఇంత గొడవెందుకు అనిపించవచ్చు. ఆ 1,200 అన్న అంకె ఒకసారి రికార్డులోకి ఎక్కాక దానంతటది దిగదు. రేపు రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే దాంతోపాటే పెరుగుతుంది, మీ పిల్లల పేరు మీదికి ఇల్లు మారినా అలాగే ఉంటుంది.

ఇక 15 శాతం సంగతి. కొత్త విధానం వల్ల ఒక్కసారిగా భారం పడకుండా, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని నిబంధన పెట్టారు. మంచిదే. కానీ దీనివల్ల తప్పులు కొన్నేళ్లపాటు కనబడకుండా పోతున్నాయి. మన ఫ్లాటుకే పాత పన్ను 2,000 ఉందనుకోండి. మొదటి ఏడు 2,300, రెండో ఏడు 2,645, మూడో ఏడు సుమారు 3,042, నాలుగో ఏడు 3,498. ఐదో ఏడు 3,600 దగ్గర ఆగాలి. వైశాల్యం తప్పుగా 1,200 అని ఉన్నా మొదటి నాలుగేళ్ల అంకెలు ఇవే. రూపాయి తేడా రాదు. ఐదో ఏట గానీ బయటపడదు. అప్పటికి "ఇన్నేళ్లూ ఇదే రికార్డు మీద కట్టారు కదండీ" అంటారు. అందుకని ఏటా ఎంత పెరిగిందన్నది పక్కనపెట్టి, మీ పన్ను చివరికి ఎక్కడ ఆగాలో ఇవాళే లెక్కేసుకోండి. కొత్తగా కట్టిన ఇంటికి పాత పన్నంటూ ఉండదు కాబట్టి దానికి ఈ 15 శాతం అడ్డు లేదు, పూర్తి పన్ను మొదటి నోటీసులోనే వస్తుంది. కొత్త ఇళ్లవాళ్లు ఆ మొదటి నోటీసునే జాగ్రత్తగా చదవాలి.

స్థలం విలువ ఎవరు వేశారు? మన నగరపాలక సంస్థ జీవీఎంసీ కాదు. రిజిస్ట్రేషన్ శాఖ. జాయింట్ కలెక్టర్ అధ్యక్షతన ఒక కమిటీ ఈ విలువలు ఖరారు చేస్తుంది. 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించినవి కూడా అలా వచ్చినవే. "మా వీధిలో గజం అంత లేదు" అని మున్సిపల్ ఆఫీసులో ఎంత వాదించినా వాళ్ల చేతిలో లేని పని. ఆ అభ్యంతరం చెప్పాల్సింది, విలువల ముసాయిదా పెట్టి అభ్యంతరాలు పిలిచినప్పుడు. అయితే మున్సిపల్ వాళ్లను అడగాల్సింది ఒకటుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో డోరు నంబర్ల వరుసను బట్టి ప్రాంతాలవారీగా విలువలుంటాయి. మెయిన్ రోడ్డు మీద ఒక రేటు, లోపలి వీధికి ఒక రేటు. మీ ఇల్లు లోపలి సందులో ఉండి, లెక్క మెయిన్ రోడ్డు రేటుతో వేశారేమో సరిచూసుకోండి. డోరు నంబరు మారిన ఇళ్లు, గ్రామాలు జీవీఎంసీలో కలిసినప్పుడు కొత్త నంబర్లు వచ్చిన మధురవాడ, పెందుర్తి వైపు ఇళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఇది విలువ మీద తగువు కాదు, ఏ విలువ వాడాలన్న దాని మీద తగువు. ఇది మీరు గెలవగలిగిన కేసు.

వాడకం గడి గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే డబ్బు తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడే. కింద ఒక గది, దానికి ఇనప షట్టరు. ఒకప్పుడు కిరాణా కొట్టు. పెద్దాయన పోయాక కొట్టు మూసేశారు. ఇప్పుడా గదిలో ఒక మంచం, పాత బీరువా, మనవడి సైకిలు. షట్టరు మాత్రం అలాగే ఉంది, దాని మీద పాత సబ్బుల ప్రకటన రంగు వెలిసినా ఇంకా కనబడుతూనే ఉంది. కొలతలకు వచ్చిన మనిషి వీధిలో నిలబడి చూస్తే అది దుకాణమే. పన్ను వ్యాపార రేటుతోనే పడుతూ ఉంటుంది. దీనికి "కొట్టు ఎప్పుడో మూసేశామండీ" అన్న మాట చాలదు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ల దగ్గర ఆ మీటరును కమర్షియల్ కేటగిరీ నుంచి గృహ కేటగిరీకి మార్పించుకోండి. ట్రేడ్ లైసెన్సు ఉంటే రద్దుకి రాసిన కాగితం తీయండి. గది లోపలి ఫొటోలు పెట్టండి. కుదిరితే షట్టరు తీసి గోడ కట్టి కిటికీ పెట్టించుకోండి. కరెంటు బిల్లు మీదున్న కేటగిరీని తనిఖీకి వచ్చినవాళ్లు కాదనలేరు.

కట్టడం వయసు, రకం కూడా చూసుకోండి. పాత పోస్టాఫీసు, కోట వీధి వైపు ఇప్పటికీ పెంకుటిళ్లు ఉన్నాయి. గాజువాక వైపు రేకుల ఇళ్లు ఉన్నాయి. వాటిని శ్లాబు ఇళ్ల లెక్కలో వేస్తే కట్టడం విలువ తప్పు. పాత ఇంటికి వయసును బట్టి దక్కాల్సిన తగ్గింపు పడిందో లేదో చూడండి. ఇవేవీ వాళ్లు దయతో ఇచ్చేవి కావు. 1968లో సుప్రీంకోర్టు కేరళ భవనాల పన్ను చట్టాన్ని కొట్టేసింది. భవనం ఎక్కడుంది, ఏ రకం, దేనికి వాడుతున్నారు అన్నవేవీ చూడకుండా వైశాల్యం ఒక్కదాన్నే పట్టుకుని పన్ను వేయడం రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధమంది. మీ అర్జీ వెనక అంత బలముంది. భయపడాల్సిన పని లేదు.

అనధికార కట్టడం మీద పెనాల్టీ గురించి ఇక్కడ చాలామందికి టెన్షన్ ఉందని తెలుసు. ప్లానులో లేకుండా కట్టినదానికి పన్ను మీద 25 శాతం నుంచి 100 శాతం దాకా అదనంగా వేస్తారు. స్వల్ప ఉల్లంఘనకు 25, పెద్దదానికి 50, అనుమతి లేని అంతస్తుకి 100. మీది ఏ తరగతిలో పడాలో, ఏ తరగతిలో వేశారో చూసుకోండి. బీపీఎస్, అంటే అనధికార కట్టడాల క్రమబద్ధీకరణ పథకం, కింద డబ్బు కట్టి క్రమబద్ధీకరణ ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్లుంటే, ఆ ఉత్తర్వు టౌన్ ప్లానింగ్ ఫైల్లో ఉంటే చాలదు. రెవెన్యూ విభాగానికి అది దానంతటది చేరుతుందని కూర్చోవద్దు. కాపీ జతచేసి, పెనాల్టీ తొలగించమని మీ ఇంటి పన్ను ఖాతాకిచ్చిన అసెస్‌మెంట్ నంబరు వేసి అడగండి. ఖాళీ స్థలం పన్నూ ఇంతే. ఇల్లు కట్టి ఇంటి పన్ను మొదలయ్యాక కూడా అదే స్థలానికి ఖాళీ స్థలం పన్ను వేరే నంబరు మీద పెరుగుతూ పోయిన కేసులున్నాయి. రెండు నంబర్లూ చూపించి ఒకటి మూయించుకోవాలి.

సరే, అర్జీ ఎలా పెట్టాలి?

కొత్తగా పన్ను వేసినా, పాత పన్ను మార్చినా ప్రత్యేక నోటీసు ఇవ్వాలి. దాని మీద అభ్యంతరాన్ని కమిషనర్‌కి రాతపూర్వకంగా ఇస్తారు. దీన్నే రివిజన్ పిటిషన్ అంటాం. గడువు సాధారణంగా నోటీసు అందిన 15 రోజులు. మీ నోటీసులో ఏ గడువు రాసుందో అదే మీకు లెక్క. నోటీసు అందిన రోజున దాని వెనక తేదీ వేసి సంతకం పెట్టుకోండి, కవరు పారేయకండి. గడువు మీద తగువొస్తే ఆ కవరే సాక్ష్యం.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటి చెబుతాను. సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి, పీజీఆర్ఎస్ అనే ప్రభుత్వ ఫిర్యాదుల విభాగంలో అర్జీ ఇచ్చి, రసీదు తెచ్చుకుని, ఇక నిశ్చింతగా ఉంటారు. అది రివిజన్ పిటిషన్ కాదు. చట్టం చెప్పిన గడువు దానివల్ల ఆగదు. 15 రోజులు దాటాక "మేం అర్జీ పెట్టాం కదా" అంటే పనికిరాదు. గ్రీవెన్స్‌కి వెళ్లండి, వద్దనను, కానీ ముందు రివిజన్ పిటిషన్ వేసి దాని నంబరు తీసుకున్నాకే వెళ్లండి. ఆన్‌లైన్‌లో మున్సిపల్ శాఖ వెబ్‌సైటులో వేయవచ్చు. కాగితం మీద ఇవ్వదలిస్తే మీ జోనల్ ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. గడువు ఎప్పుడో దాటిపోయినవాళ్లకు జనరల్ రివిజన్ పిటిషన్ అని వేరే దారి ఉంది. దాంతో ఇకముందు రికార్డు సరవుతుంది. వెనకటి ఏళ్లలో కట్టిన డబ్బు మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

అర్జీలో ఏం రాయాలి? అసెస్‌మెంట్ నంబరు, డోరు నంబరు. రికార్డులో ఏముంది, నిజంగా ఏముంది, దానికి ఆధారమేమిటి. ఒక్కో తప్పుకి ఒక్కో పేరా. చివర్లో "నా సమక్షంలో కొలతలు తీయించి, విచారణ జరిపి, సవరించగలరు" అని కోరండి. మీ కష్టాలు, పెన్షన్ చాలకపోవడం, పిల్లలు విదేశాల్లో ఉండటం... ఇవి నిజమే, కానీ వాటి మీద పన్ను మారదు. పేజీ నిండా అవి రాస్తే అసలు తప్పు ఎక్కడుందో చదివేవాళ్లకి దొరకదు.

కొలతల షీటు చేతిలో లేకుండా అర్జీ రాయడం కష్టం. వార్డు సచివాలయంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. జవాబుకి 30 రోజులు గడువుంటుంది, రివిజన్‌కి 15 రోజులే. అందుకని జవాబు కోసం ఆగకుండా, చేతిలో ఉన్న ఆధారాలతో పిటిషన్ వేసి, "కొలతల షీటు అందాక అదనపు వివరాలు సమర్పిస్తాను" అని ఒక వాక్యం చేర్చండి. కొలతలకు వచ్చిన రోజు ఇంట్లో ఉండండి. మీరూ ఒక టేపు పట్టుకోండి. వాళ్లు రాసుకున్నది మీరూ రాసుకోండి. ఫ్లాట్లలో కార్ పార్కింగ్ వైశాల్యం ఇంటి వైశాల్యంలో కలిసిపోయిందేమో అప్పుడే అడగండి.

ఒక హెచ్చరిక. తనిఖీకి వచ్చినవాళ్లు మేడ మీదికి కూడా ఎక్కుతారు. పైన రికార్డులో లేని గది ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. ఉన్నది దాచి పన్ను తగ్గించమని అడగడం నాకు నచ్చదు, అలాంటి అర్జీలు నేను రాయను. మన వీధి దీపాలు, కాలవలు, నీళ్లు నడిచేది ఈ డబ్బుతోనే. కట్టాల్సినంత కట్టాలి. కట్టక్కర్లేనిది ఒక్క రూపాయి కూడా కట్టకూడదు.

వెనక నుంచి మాస్టారు అడుగుతున్నారు, "అర్జీ తేలేదాకా పన్ను కట్టడం ఆపేయవచ్చా?" అని. ఆపవద్దు మాస్టారూ. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ. ఆరు నెలలకు 1,800 కట్టాల్సింది మరో ఆరు నెలలు ఆపితే 216 రూపాయలు వడ్డీకే పోతుంది. "అభ్యంతరానికి లోబడి చెల్లిస్తున్నాను" అని ఒక ఉత్తరం ఇచ్చి కట్టేయండి. మీరు గెలిస్తే ఎక్కువ కట్టినది సర్దుబాటు చేయమని అడగవచ్చు. ఏప్రిల్ 30 లోగా ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంది, అర్జీ పెట్టినంత మాత్రాన అది వదులుకోనక్కర్లేదు.

కట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కమిషనర్ ఉత్తర్వు మీకు నచ్చకపోతే తర్వాతి మెట్టు కోర్టు. మనకు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో 282వ సెక్షన్ అప్పీలు గురించి చెబుతుంది. దానికి షరతులు మూడు గుర్తుంచుకోండి. ముందు కమిషనర్ దగ్గర అభ్యంతరం పెట్టి ఉండాలి, అది పరిష్కారమై ఉండాలి. 15 రోజుల్లో అప్పీలు వేయాలి. అడిగిన పన్ను జమ చేసి ఉండాలి. డబ్బు కట్టలేదంటే మీ వాదన ఎంత గట్టిదైనా వినరు. ముందే డబ్బు కట్టమనడం అన్యాయం కదా అని ఢిల్లీ కార్పొరేషన్ చట్టంలోని ఇలాంటి షరతు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1992లో కోర్టు ఆ షరతు చెల్లుతుందనే చెప్పింది. కాబట్టి దాని మీద వాదించి లాభం లేదు.

ఈ మెట్టుకి వచ్చేటప్పుడు లాయరు కావాలి. దానికంటే ముందు కావాల్సింది కమిషనర్ ఇచ్చిన రాతపూర్వక ఉత్తర్వు. "సార్ ఒప్పుకోలేదండీ" అని నోటిమాటగా చెప్పి పంపేస్తే అప్పీలు దేని మీద వేస్తారు? ఎండార్స్‌మెంట్, అంటే రాతపూర్వక జవాబు, ఇవ్వమని మర్యాదగా, పట్టుగా అడగండి. అసలు నోటీసే ఇవ్వకుండా, మీ మాట వినకుండా పన్ను పెంచేసిన సందర్భాల్లో హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది. మామూలు కొలతల తగువుకి మాత్రం అంత దూరం వెళ్లకండి. ముందు ఇక్కడ తేల్చుకోండి అనే అంటారు.

ఏమ్మా, గట్టిగా చెప్పండి... ఇంటి పన్ను రసీదు వాళ్ల మామగారి పేరు మీదే ఉందట, అర్జీ ఎవరు పెట్టాలని అడుగుతున్నారు. ఆయన లేకపోతే ముందు పేరు మార్పిడి, అంటే మ్యుటేషన్‌కి పెట్టండి. అది వేరే దరఖాస్తు. కానీ 15 రోజుల గడువు నడుస్తుంటే దాని కోసం ఆగకండి. వారసులుగా మీ పేరుతోనే పిటిషన్ వేసి, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ జతచేయండి. ఇంకో మాట. పన్ను రసీదులో పేరున్నంత మాత్రాన ఇల్లు వాళ్లదైపోదు. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగువుల్లో ఈ రసీదుని పట్టుకుని అనవసరంగా కొట్టుకుంటారు. అది పన్ను కట్టిన రసీదు మాత్రమే.

చివరి ప్రశ్న. అపార్ట్‌మెంట్ మొత్తం కలిసి ఒకే అర్జీ పెట్టవచ్చా అని. కుదరదు. ప్రతి ఫ్లాటుకీ వేరే అసెస్‌మెంట్ నంబరు, వేరే పిటిషన్. అయితే మంజూరైన ప్లాను, బీపీఎస్ ఉత్తర్వు, రిజిస్ట్రేషన్ విలువల ప్రింటు అందరికీ ఒకటే. వాటిని అసోసియేషన్ ఒకసారి తెప్పించి కాపీలు పంచితే సరిపోతుంది. తనిఖీలు కూడా ఒకే రోజు పెట్టమని అడగవచ్చు. నోటీసు తేదీ దగ్గరపడినవాళ్లు ఎవరెవరున్నారు? చేతులెత్తండి. మీరు ముందు ఇటు రండి, మీ పిటిషన్లు ఇవాళే రాసేద్దాం. మిగతావాళ్లు ఆ బల్ల మీద నమూనా ప్రతులున్నాయి, తీసుకెళ్లండి. వైశాల్యం గడి ఖాళీగా ఉంచాను. ఇంటికెళ్లి కొలిచి నింపండి.